అప్‌డేట్: ట్యూనా సుషీ తిన్నాక ముఖం ఎర్రబడటానికి కారణం తెలిసింది

గత నెల నేను అడిగిన ప్రశ్నకు సమాధానం దొరికింది కనుక, ఇదే ఇబ్బందితో వెతుక్కుంటూ వచ్చేవారి కోసం ముగింపు రాస్తున్నాను. డాలస్‌లోని ఒక రెస్టారెంట్‌లో ట్యూనా నిగిరి (అన్నం ముద్ద మీద పచ్చి చేప ముక్క పెట్టిన సుషీ) తిన్న అరగంటలోపే ముఖం, మెడ ఎర్రబడి, తలనొప్పి, గుండెదడ వచ్చాయని, ఎంతో ఇష్టమైన సుషీని ఇక మానేయవలసిందేనా అని అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అలర్జీ అని సొంతంగా తేల్చుకోకుండా పరీక్ష చేయించుకోమన్న సలహాయే పనికివచ్చింది. చర్మ పరీక్షలో ట్యూనాకు ఏ ప్రతిచర్యా కనబడలేదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే నాలుక మీద మిరియపు గింజ కొరికినట్టు చురుక్కుమందని చెప్పినప్పుడు, వైద్యురాలు అది స్కాంబ్రాయిడ్ అనే హిస్టమిన్ (అలర్జీ లక్షణాలు కలిగించే రసాయనం) విషప్రభావమని వివరించారు. ట్యూనా, కానాగంత వంటి చేపలను పట్టిన దగ్గర నుంచి పళ్లెంలోకి వచ్చేవరకు తగినంత చల్లగా ఉంచకపోతే, బాక్టీరియా వాటి కండలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. అలా ఏర్పడినదాన్ని వండటం గానీ గడ్డకట్టించడం గానీ పోగొట్టలేవు. రంగు, వాసన మామూలుగానే ఉండవచ్చు కాబట్టి, చూసి పసిగట్టలేకపోయానన్న నా బాధకు అర్థం లేదని ఆవిడ అన్నారు.

నేను అనుమానించిన వసాబీకి (సుషీతో ఇచ్చే ఘాటైన ఆకుపచ్చ ముద్దకు) దీనితో సంబంధం లేదు. కొందరు చెప్పిన పరాన్నజీవుల సంగతి వేరు. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులు గడ్డకట్టిస్తే అవి చనిపోతాయి.

రెస్టారెంట్‌కు విషయం తెలియజేశాను. మొన్న శనివారం మరోచోట ట్యూనా తిన్నాను. ఏ ఇబ్బందీ కలగలేదు.