కాడుగోడికి మారాం. ఇంట్లో నలుగురికి చదువు కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కదిరి కోడలు:

అందరికీ నమస్కారం. మేము కదిరి నుంచి బెంగళూరు వచ్చి రెండు నెలలైంది. మా ఆయనకి ఐటీపీఎల్ అనే ఐటీ పార్కులో పని. ఇల్లు కాడుగోడిలో, మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో తీసుకున్నాం. ఇంట్లో ఐదుగురం. మా ఆయన్ని పక్కనపెడితే మిగతా నలుగురికీ ఏదో ఒక చదువు కావాలి.

పాపకి ఆగస్టులో ఆరేళ్లు నిండుతాయి. ఊళ్లో యూకేజీ అయిపోయింది. ఇక్కడ రెండు స్కూళ్లలో అడిగితే ఒకటో తరగతికి వయసు చాలదు, మళ్లీ యూకేజీలో వేయమన్నారు. ఏడాది ఫీజు వృథా అని మా ఆయనకి టెన్షన్. ఊళ్లో మా పక్కింటి బాబుకి విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూల్లో సీటొచ్చింది. ఇక్కడ కూడా అలా ప్రయత్నించవచ్చా?

మా మరిదికి పంతొమ్మిదేళ్లు. పదిలో లెక్కలు, సైన్సు పోయాయి, సప్లిమెంటరీ రాయలేదు. ఇప్పుడు బండి మీద పార్సిళ్లు ఇచ్చే పని చేస్తున్నాడు. నాకు బీకాం రెండో ఏడాదిలో పెళ్లయింది, చదువు అక్కడే ఆగింది.

ఇక మా అత్తమ్మ. యాభై ఎనిమిదేళ్లు, బడి ముఖం చూడలేదు. పోయిన వారం కూరగాయలకని వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు బోర్డు తెలియక వేరే బస్సెక్కి వర్తూరులో దిగింది. ఎవరినో బతిమాలి మాకు ఫోన్ చేయించింది. ఆ రాత్రి అన్నాలయ్యాక గిన్నెలు సర్దుతూ, "నాకు కూడా నాలుగక్షరాలు చెప్పవే" అంది. ఆ మాట నన్ను వదలడం లేదు. ఆమెకి తెలుగు చెప్పాలా, ఇక్కడ బతకాలి కాబట్టి కన్నడ చెప్పాలా?

ముందు పాప సంగతి తేలనీ, మిగతావి తర్వాత చూద్దాం అంటున్నాడు మా ఆయన. నా బీకాం కూడా అలాగే "తర్వాత" అని ఆగింది. అందుకే అడుగుతున్నాను.

హోప్‌ఫార్మ్ నాన్న:

పాప విషయం వరకు నేను చెప్తానమ్మా. ఇక్కడ ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండాలన్నది నియమం. 2025-26లో ఆ ఒక్క ఏడాదికని ఐదేళ్ల ఐదు నెలలకు సడలించారు. మా చిన్నోడు అలాగే చేరాడు. పాపని చేర్చే ఏడాదికి ఏ ఉత్తర్వు నడుస్తోందో స్కూలు వాళ్ల నోటిమాట మీద ఆధారపడకుండా బీఈవో (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసుకెళ్లి అడగండి. ఆరేళ్ల నియమమే అయితే మాత్రం యూకేజీ మళ్లీ చదివిందని బాధపడకండి. కొత్త ఊరు, కొత్త భాష. ఆ ఏడాది కన్నడ చెవిన పడితే ఒకటో తరగతిలో తేలికవుతుంది. ఏ బోర్డు స్కూలైనా 2015 నాటి చట్టం ప్రకారం ఇక్కడ కన్నడ నేర్పాల్సిందే.

విద్యాహక్కు సీటు మీద ఆశ పెట్టుకోవద్దు. 2019 నుంచి ఇక్కడ పద్ధతి మారింది. దగ్గర్లో ప్రభుత్వ బడి గాని, ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్ బడి గాని ఉంటే, ప్రైవేటు స్కూలు ఆ చట్టం కింద పేద పిల్లలకు ఉంచే 25 శాతం సీట్లు ఇవ్వనక్కర్లేదు.

ఇంకొకటి, ఇది నాకు తగిలిన దెబ్బ. మా పెద్దమ్మాయిని చేర్చిన స్కూలు గేటు మీద సీబీఎస్‌ఈ అని పెద్ద అక్షరాలతో రాసుంది. ఫీజూ ఆ లెక్కలోనే కట్టించుకున్నారు. 2023లో రాష్ట్ర సిలబస్ స్కూళ్లలో ఐదు, ఎనిమిది తరగతులకు బోర్డు పరీక్ష పెడతామన్నారు కదా, అప్పుడు మా అమ్మాయి ఐదులో ఉంది. ఆ పరీక్ష మీ పాప కూడా రాయాలని డైరీలో చీటీ అంటించి పంపారు. సీబీఎస్‌ఈ పిల్లలకి ఈ పరీక్ష ఎందుకని వెళ్లి అడిగితే అప్పుడు బయటపెట్టారు, తమకున్నది రాష్ట్ర గుర్తింపేనని. రాష్ట్ర సిలబస్‌లో తప్పేం లేదు, నేనూ అలాంటి బళ్లోనే చదివాను. కానీ నాలుగేళ్లు మాతో అబద్ధం చెప్పారు. ఆ రోజు స్కూలు బయట బండి మీద కూర్చుని ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక గంటసేపు అక్కడే ఉండిపోయాను.

అందుకని అఫిలియేషన్ నంబరు, అంటే బోర్డు ఇచ్చిన గుర్తింపు నంబరు అడగండి. సీబీఎస్‌ఈ వాళ్ల సరస్ పోర్టల్‌లో అఫిలియేషన్ ఉన్న స్కూళ్ల జాబితా ఉంటుంది, అందులో చూసుకోండి. పేరు కలిసింది కదా అని ఊరుకోవద్దు, అడ్రసు కూడా కలవాలి. ఒకే పేరుతో నాలుగు బ్రాంచీలుంటే అన్నింటికీ గుర్తింపు ఉందనుకోవడానికి లేదు.

వర్తూరు పంతులమ్మ:

అమ్మాయీ, చిత్తూరు జిల్లాలో ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి చెప్పి రిటైరై ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నాను. మీ ఆయన వరసకి నేను ఒప్పుకోను. పాప అడ్మిషన్‌కి ఆఫీసులు తెరవాలి, ఉత్తర్వులు రావాలి. మీ అత్తగారికి ఒక పలక, ఒక బలపం చాలు. ఆమెతో ఈ రాత్రే మొదలుపెట్టు. అడగడానికే ఆవిడకి ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడు నువ్వు వాయిదా వేస్తే మళ్లీ అడగదు.

తెలుగే చెప్పు. నోట్లో ఉన్న మాటకి అక్షరం తోడైతే మనిషికి పట్టు దొరుకుతుంది. అ ఆ ఇ ఈ అని వరసగా దిద్దించకు. బండి ర దగ్గరికి వచ్చేలోపే ఓపిక అయిపోతుంది. ఆవిడ పేరుతో మొదలుపెట్టు, తర్వాత మీ పాప పేరు, తర్వాత మీ ఊరి పేరు.

మా వదినకి అరవై దాటాక నేను ఇలాగే చెప్పాను. మొదటి వారం ఆవిడ చేతిలో బలపాలు పుటుక్కున విరిగేవి. కొడవలి, రోకలి పట్టిన చేయి, సన్నటి బలపాన్ని కూడా అంత బలంగానే నొక్కేది. మూడో బలపం విరిగాక ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నేను పలక పక్కన పెట్టేశాను. పొద్దున వాకిట్లో ముగ్గుపిండి ఇచ్చి, "వదినా, ఈ మెలిక వెయ్యి" అని ల చూపించాను. ఒక్కసారికే వేసింది. మెలికల ముగ్గులు వేసిన వేళ్లకి మన అక్షరాల ఒంపు కొత్తేమీ కాదు. ల, ప, మ, న, ర అన్నీ నేల మీదే నేర్చుకుని, తర్వాత పలక మీదికి వచ్చింది.

రెండో నెలలో నందిని పాల బూత్ దగ్గర నిలబడి బోర్డు వంక చూస్తోంది. కన్నడ బోర్డు అది. చివరి అక్షరం లు అని పట్టుకుంది. రెండు లిపులూ ఒక్క పాత లిపి నుంచి చీలినవే, లు చూస్తే ఇట్టే తెలుస్తుంది. మొదటి అక్షరం తెలియలేదు. ఇక్కడ అమ్మేది చూసి "పాలు" అంది. అర్థం సరిగ్గా అదే, కానీ రాసింది హాలు. అప్పుడు చెప్పాను, మనం ప అనే చోట వీళ్లు చాలా మాటల్లో హ అంటారని. పులి హులి, పండు హణ్ణు, పది హత్తు, పాము హావు, పల్లి హళ్లి. "అయితే మారతహళ్లి అంటే పల్లేనా!" అని ఆ రోడ్డు మీదే నా చేయి పట్టుకుంది. ఆ రోజు తర్వాత ఆవిడకి ఈ ఊరంటే భయం తగ్గింది. కన్నడ నేను విడిగా చెప్పలేదు.

ఉల్లాస్ అని కేంద్రం 2022 నుంచి 2027 దాకా నడుపుతున్న వయోజన విద్య కార్యక్రమం ఒకటుంది. పదిహేనేళ్లు దాటిన, చదువురాని వాళ్ల కోసం. నేర్పేవాళ్లంతా వాలంటీర్లే. యాప్‌లో ఆవిడని నేర్చుకునే మనిషిగా, నిన్ను నేర్పే మనిషిగా నమోదు చెయ్యి. చివర్లో చిన్న పరీక్ష, సర్టిఫికెట్ ఉంటాయి. చేతికి కాగితం వస్తే వాళ్లు ఎంత మురిసిపోతారో నేను చూశాను.

నీ డిగ్రీకి ఇగ్నో అనే దూరవిద్య యూనివర్సిటీ ఉంది. జనవరిలో, జులైలో అడ్మిషన్లు. మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల దాకా పూర్తి చేసుకోవచ్చు, పాప ఉన్నా సాగుతుంది. పాత మార్కుల మెమోలు జాగ్రత్తగా తీసిపెట్టు.

మహదేవపుర తమ్ముడు:

అక్కా, మీ మరిదికి నా మాటగా చెప్పండి. నేనూ పది తప్పి, మూడేళ్లు బండి నడిపి, ఎన్‌ఐఓఎస్ అనే కేంద్ర ఓపెన్ స్కూల్లో పాసయ్యాను. పద్నాలుగేళ్లు నిండితే చాలు, పై వయసుకి హద్దు లేదు. తెలుగు మీడియం ఉంది. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. పాత బోర్డులో పాసైన వాటిలో రెండు దాకా ఇక్కడికి కలుపుకోవచ్చు, అప్పుడు రాయాల్సినవి మూడే. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే ఒకసారి, అక్టోబర్-నవంబర్ ఒకసారి. ఒక్కసారి చేరితే ఐదేళ్లు టైముంటుంది.

లెక్కలు తప్పనిసరి కాదు, వేరే సబ్జెక్టు తీసుకోవచ్చు. నేను అలాగే భయపడి వదిలేశాను. తర్వాత డిప్లొమాకి వెళ్దామంటే అదే అడ్డొచ్చింది. అతన్ని లెక్కలు వదలొద్దనండి. ఆర్డర్లు లేని మధ్యాహ్నం రెండు గంటలు దొరుకుతాయి, నాకు అవే సరిపోయాయి.

కదిరి కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. సోమవారం బీఈవో ఆఫీసుకి వెళ్తున్నాం. ఒక స్కూలు వాళ్లని అఫిలియేషన్ నంబరు అడిగితే మెయిల్ చేస్తామన్నారు, ఇంకా చేయలేదు. మరిది మార్కుల మెమో కదిరిలో ట్రంకు పెట్టెలో ఉంది, మామయ్య పంపిస్తానన్నాడు. లెక్కల మాట చెప్తే మొదట మాట్లాడలేదు, రాత్రి వచ్చి పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

పంతులమ్మగారూ, మీరు రాసింది అత్తమ్మకి చదివి వినిపించాను. మీ వదినగారి బలపాలు విరిగిన చోట ఆపి మళ్లీ చదవమంది. మా ఇంటి ముందు వాకిలి లేదు, మూడో అంతస్తు. తలుపు ముందు బండ మీద తడిగుడ్డ పెట్టి తుడిచి, ముగ్గుపిండితో ల వేసింది. ఆమె పేరు లక్ష్మమ్మ. రేపు క్ష ఎలా వెయ్యాలని అడుగుతోంది. అంత కష్టమైన అక్షరం ఇప్పుడే చెప్పవచ్చా?

వర్తూరు పంతులమ్మ:

చెప్పు తల్లీ. ఆవిడ పేరులోది కదా, ఆగమని ఎలా అంటాం! ముందు క వేయించు, దాని కింద ష ఒత్తు. రేపు మధ్యాహ్నం మూడింటికి నేను కాడుగోడి మార్కెట్ వైపు వస్తున్నాను. మీకు వీలైతే ఒక అరగంట వచ్చి కూర్చుంటాను.