విస్మృతి వక్రరేఖ ఎవరిదో అదే మర్చిపోయిన.. మీరెట్ల చదువుతున్నరు?

దేవరకొండ పోరడు:
అన్నలూ అక్కలూ, నల్గొండల రూం తీస్కొని డీఎస్సీకి చదువుతున్న, పొద్దుగాల లైబ్రరీ తెరవంగనే పోతే మళ్ల రాత్రికే వస్త. సైకాలజీ మూడుసార్లు అయిపోయింది, లైన్ల మీద పసుపు రంగు పూసి పూసి పుస్తకం హోలీ ఆడినట్టయింది, చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటది గని వారం పోయినంక బిట్లు పెడితే ఒక్కటి యాదికొస్తలేదు. నిన్న విస్మృతి వక్రరేఖ, అంటే నేర్చుకున్నది దినాలు పోయేకొద్ది ఎట్ల మర్చిపోతమో చూపెట్టే గీత, ఎవరిది అంటే కుక్కల మీద ప్రయోగం చేసిన పావ్‌లోవ్ అని పెట్టిన. నవ్వకుండ్రి. నాలుగోసారి చదవాల్నా?

పాలమూరు పంతులు:
వద్దు తమ్మీ. 2006ల రోడిగర్, కార్పికె అని ఇద్దరు అమెరికాల కాలేజి పిల్లలతోని ఓ ప్రయోగం జేసిండ్రు. కొందరు ఒకటే పాఠం నాలుగు పీరియడ్లు చదివిండ్రు, సగటున 14 సార్లు అయింది. ఇంకొందరు ఒక్క పీరియడే చదివి, అంటే మూడు నాలుగుసార్లు, మిగిలిన మూడు పీరియడ్లు పాఠం పక్కకు పెట్టి యాదికున్నంత తెల్లకాగితం మీద రాసిండ్రు. ఐదు నిమిషాలకు అడిగితే చదివినోళ్లకే 83 శాతం, రాసినోళ్లకు 71. వారానికి అడిగితే చదివినోళ్లు 40కి పడ్డరు, రాసినోళ్లు 61. అసలు మజా ఏందంటే వారం అయినంక మాకు మస్తు గుర్తుంటది అని ముందుగాల ఎక్కువ నమ్మకంగ చెప్పింది ఆ 14 సార్లు చదివినోళ్లే! నీ పసుపు రంగు ముచ్చట గదే. అంగట్ల కనవడ్డ మనిషి లెక్క, మొఖం ఎర్కనే, పేరు మాత్రం నోటికి రాదు.

ఇంటర్ పిల్ల అమ్మ:
సార్ మా బిడ్డకు గిట్లనే చెప్పిన, రెండు లైన్లు రాంగనే ఏడుపు మొఖం పెట్టి నాకేం రాదు మమ్మీ అంటది, మళ్ల పుస్తకమే తెరుస్తది. ఏం చెయ్యాలె?

పాలమూరు పంతులు:
రెండు లైన్లయినా రాయనియ్యి అమ్మా, అయినంకనే పుస్తకం తెరిచి తప్పులు దిద్దుకోమను. ఆ ప్రయోగంల దిద్దలేదు గని మనం దిద్దాలె, లేకుంటే మనోడికి పావ్‌లోవే పక్కా అయితడు.

మిర్యాలగూడ రీడర్:
ఒక్కటి కలుపుత. ఆ విస్మృతి వక్రరేఖ గీసిన జర్మనీ సైకాలజిస్టు ఎబ్బింగ్‌హాస్ 1885ల పుస్తకం ఏసిండు, ప్రయోగం చేసుకున్నది ఆయన మీద ఆయనే, అది గూడ అర్థంలేని అక్షరాల ముక్కలతోని. ఒక రోజుకు 33.7 శాతం అని బట్టీ కొడతం గద, అది గుర్తున్న పదాల లెక్క కాదు, మర్చిపోయినంక మళ్ల నేర్చుకుంటే మొదటిసారికంటే ఎంత టైం మిగిలింది అన్న లెక్క, అందుకే దాన్ని పొదుపు పద్ధతి అంటరు. బిట్టు పెడతరు గని గిది ఎవ్వలు చెప్పరు. ఇంకోటి, ఒక్కరోజే 68 సార్లు చదివితే వచ్చిన ఫలితం మూడు రోజులకు పంచుకుంటే 38 సార్లకే వచ్చింది ఆయనకు. విరామ పద్ధతి అని నువ్వు రంగు పూసి ఉంటవ్ సూడు అదే. మరి ఒకటే దినం కూసొని చాప్టర్ మొత్తం లాగుడెందుకు తమ్మీ?

దేవరకొండ పోరడు:
రాత్రి అభ్యసన సిద్ధాంతాలు రాసి చూసిన అన్నా. అర పేజీ రాలె. చింపాంజీ పేరు సుల్తాన్ అని టక్కున రాసిన, ప్రయోగం చేసిన కోహ్లర్ పేరు పదిహేను నిమిషాలు తన్లాడినా రాలె. పక్క రూమోడిని అడుగుదామంటే ఆడు పడుకున్నడు.