మంచు పడేలోపు ఏ పని ముందు చేయాలి?

ప్రశ్న: ఉత్తరాన, చలికాలం ఆరు నెలలుండే చోట చిన్న పొలం, ఇల్లు తీసుకున్నామండి. కట్టెల పొయ్యి, బావి, కొన్ని కోళ్లు ఉన్నాయి. ఆకులు రాలుతున్నాయి, పనులేమో తరగట్లేదు, టెన్షన్‌గా ఉంది. కోళ్లగూట్లో హీటర్ పెట్టాలా?

జవాబు: ముందు కట్టెలు చూసుకోండి. ఇప్పుడు నరికింది ఈ చలికి పనికిరాదు, చీల్చి గాలి ఆడేలా పేర్చి తేమ 20 శాతం లోపుకి వచ్చేదాకా ఎండనివ్వాలి, దానికి కనీసం ఒక వేసవైనా పడుతుంది. పచ్చి కట్టె కాలిస్తే కొంత వేడి అందులోని నీరు ఆవిరవడానికే పోతుంది, పైగా పొగగొట్టంలో క్రియోసోట్ (పొగ నుంచి వచ్చే జిగట మసి) పేరుకుని ఒకరోజు అదే అంటుకుంటుంది. ఈసారికి ఎండినవి కొనేయండి, గొట్టం ఇప్పుడే శుభ్రం చేయించండి.

జవాబు: హీటర్ వద్దండి, ఎండుగడ్డి, ఈకలు, దుమ్ము మధ్య అది నిప్పుతో చెలగాటమే. కోళ్లు పొడి చలిని బాగానే తట్టుకుంటాయి, వాటిని దెబ్బతీసేది చెమ్మ, తురాయిలు గడ్డకట్టేది కూడా ఎక్కువగా దానివల్లే. అందుకే గూడు పైభాగంలో గాలి బయటికి పోయే సందు వదలండి. నీళ్లు మాత్రం రోజూ చాలాసార్లు మార్చాలి, విసుగే! పగలు తగ్గేకొద్దీ గుడ్లూ తగ్గుతాయి, కంగారు పడకండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండి. క్యారెట్లు, బంగాళాదుంపలు నిల్వ ఉంటాయా?

జవాబు: నేలమాళిగ ఉంటే నెలల తరబడి ఉంటాయి. క్యారెట్లు ఆకులు కోసేసి తడి ఇసుకలో, 0 డిగ్రీలకి కాస్త పైన. బంగాళాదుంపలు చీకట్లో, 4 డిగ్రీల దగ్గర. ఉల్లిపాయలు వాటి పక్కన పెట్టొద్దు, ఉల్లికి పొడి చోటు కావాలి.

జవాబు: బావి పైపు నేల గడ్డకట్టే లోతుకంటే కింద ఉందో లేదో కూడా చూడండి, మట్టి గట్టిపడ్డాక తవ్వలేరు.