సమస్యాపూరణం: మేడ తలకిందులైనను మెచ్చినారు

నిర్వాహకుడు: మొన్న ఆదివారం హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా చూసొచ్చాను. 1750 ప్రాంతంలో నిజాం వంశపు సలాబత్ జంగ్ మొదలుపెట్టిస్తే ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో (1857–69) పూర్తయిన ప్యాలెస్. దక్షిణ ప్రాంగణంలో నాలుగు మహళ్లు, నడుమ కొలను. చెట్టు నీడన కూర్చుంటే ఈ పాదం తోచింది. ఇదే చివరి పాదంగా మిగతా మూడూ మీరు రాయాలి, ఛందస్సు తేటగీతి. మేడ కూలిపోయిందని మాత్రం రాయకండి, పోయినసారి వంతెన సమస్యలో అందరూ కూల్చేశారు!

పాతబస్తీ కవి:
చౌమహల్లను జూడగా సంజవేళ
కొలను గట్టున నిలబడి కొంతసేపు
గాలి లేనట్టి నీటిలో కానిపించు
మేడ తలకిందులైనను మెచ్చినారు.

నిర్వాహకుడు: మూడో పాదం చాలా హాయిగా ఉంది. కానీ మెచ్చింది ఎవరు? కర్త కనబడడు. పైగా అక్కడ సాయంత్రం ఐదింటికే మూసేస్తారు, సంజవేళ పోతే గేటు దగ్గరే మెచ్చుకోవాలి. ‘చౌమహల్లను జూడగా జనులు వచ్చి’ అంటే? చౌ–జ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరాల్సిన మైత్రి) సరిపోతుంది, రెండు దోషాలూ పోతాయి.

పాతబస్తీ కవి: ఒక్క దెబ్బకు రెండు! మార్చేశాను అన్నగారూ.

మనవడి తాత:
బుడుత గీసిన బొమ్మను పుచ్చుకొనుచు
తాత బామ్మలు మురిపెము తనరుచుండ
కంటి యద్దాలు లేకనే కాగితాన
మేడ తలకిందులైనను మెచ్చినారు.

నిర్వాహకుడు: మాస్టారూ, నవ్వాపుకోలేకపోయాను. రెండో పాదంలో ‘తనరుచుండ’ మాత్రం గణాలు నింపడానికి వచ్చినట్టుంది. ‘తాత బామ్మలు ఖిల్వతు దర్శనమున’ అంటే ఆ ప్యాలెస్‌లోని ఖిల్వత్ అనే దర్బారు మందిరం కూడా పద్యంలోకి వస్తుంది.

మనవడి తాత: వస్తుంది, నా మురిపెం పోతుంది. ఉండనీ నాయనా.

కొత్త చేయి: మొదటిసారి రాస్తున్నా, టెన్షన్‌గా ఉంది. దర్బారు హాల్లోని పందొమ్మిది బెల్జియం షాండ్లియర్ల మీద ఒక్క పాదమే వచ్చింది: ‘దరిని షాండ్లియర్ దీపాలు వెలుగుచుండ’.

పాతబస్తీ కవి: గణాలు కుదిరాయి తమ్ముడూ, ‘షాండ్లియర్’ ర-గణంలో (గురువు, లఘువు, గురువు) భలే ఇమిడింది. యతే తప్పింది, ద-కు వె-తో మైత్రి లేదు. ‘వెలుగుచుండ’ బదులు ‘తళుకులీన’ అను. గాజుకు ఆ మాటే అందం కూడా.

కొత్త చేయి: థాంక్సండీ! మిగతా రెండు పాదాలు అక్కడికే వెళ్లి రాస్తా. ఈ శుక్రవారం ఆఫీసుకు లీవు పెట్టా.

మనవడి తాత: శుక్రవారం దానికీ సెలవే బాబూ.