‘ఆఠ గుంఠ’లో గుంఠ మన గుంటేనా?

బరంపురం: ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి మొదటి నవల ‘ఛ మాణ ఆఠ గుంఠ’ పేరుని మా నాన్నగారు ‘ఆరెకరాల ఎనిమిది గుంటలు’ అని చెప్పేవారు. అందులోని దంపతులు భగియా, సారియాల పొలం ఎంతో లెక్కేద్దామని కూర్చుంటే ఆ గుంఠ దగ్గర ఆగిపోయాను. ఠకి ఒత్తు తీసేస్తే కొలత కూడా మారుతుందా?

పర్లాకిమిడి: ఒత్తుతో పని లేదండీ. ఎకరానికి 40 గుంటలు మన లెక్క. ఒడియా వాళ్లకి మాణకి 25. మాణ ఇంచుమించు ఎకరమే. కాబట్టి ఎనిమిది గుంఠలంటే 32 సెంట్లు, మన గుంటల్లో అయితే 20 సెంట్లే.

రాయగడ: మాణని ఎకరం అనేస్తే ఎలా మాస్టారూ? అది గింజలు కొలిచే మన మానికే. పుట్టెడు విత్తనాల భూమి అనేవారు కారా పాతవాళ్లు? ఇదీ అలా పుట్టిన మాటే అని నా గట్టి నమ్మకం.

పర్లాకిమిడి: మానికలు నాలుగైతే కుంచం. ఆ లెక్కన ఎకరం విత్తనానికి ఏం సరిపోతుంది?

రాయగడ: మార్గశిరం లక్ష్మివారాల్లో ఒడియా వాళ్లు మాణ నిండా కొత్త వడ్లు పోసి పూజ చేస్తారు, మీ వీధిలోనే చూడొచ్చు. గింజల కొలత, నేల కొలత ఒకే మాటలో ఉన్నాయి మరి.

జయపురం: మీరిద్దరూ కొలతల్లో పడి అసలు మనిషిని వదిలేశారు. 1897లో ‘ఉత్కళ సాహిత్య’ పత్రికలో ఈ నవల మొదలైనప్పుడు సేనాపతి పెట్టుకున్న కలం పేరు ధూర్జటి! ‘రాజుల్ మత్తులు వారి సేవ నరకప్రాయంబు’ గుర్తు రాలేదా ఎవరికీ? ఢెంకనాల్, కెంఝర్ లాంటి సంస్థానాల్లో దివాన్‌గిరీ చేసి, యాభై దాటాక రాసిన మొదటి నవల ఇది. తాకట్టు పెట్టిన పొలం జమీందారు చేతిలోకి ఎలా జారిపోతుందో కచేరీలో కూర్చుని చూసినవాడికే జమీందారు మంగరాజు పాత్ర అలా కుదురుతుంది. తర్వాత ‘మామూ’, ‘ప్రాయశ్చిత్త’ రాశారు గానీ, నాకు ఈ మొదటిదే గొప్ప.

రాయగడ: ధూర్జటి అంటే శివుడమ్మా. కాళహస్తి దాకా పోనక్కర్లేదు.

జయపురం: పోవాలంటాను. ఆయన రాయల కొలువు చూశాడంటారు, ఈయన సంస్థానాలు చూశాడు. ఇద్దరిదీ ఒకటే కడుపుమంట. శతకం మళ్లీ తీసి చదవండి, నేను చెప్పేది తెలుస్తుంది.

బరంపురం: శతకం సరే, నా గుంఠ? నవలలో ఊరు బెంగాల్ ఏలుబడిలోని ఒరిస్సాది. మన గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ. ఇక్కడి పాత కాగితాల్లో గుంట 25 లెక్కా, 40 లెక్కా? ఎవరింట్లోనైనా దస్తావేజు ఉంటే పేర్లు కనపడకుండా ఫొటో పెట్టండి.

పర్లాకిమిడి: మా పెట్టెలో వెతుకుతాను. మానిక మాత్రం కాదు.