వెంచర్‌లో డబ్బు పెట్టేవాళ్లకి నోటు రాయాలా, వాటా ఇవ్వాలా?

పాలకొల్లు కుర్రాడు:
వీరవాసరం వైపు మూడెకరాల్లో లేఅవుట్ వేద్దామనుకుంటున్నానండి. 60 లక్షలు తక్కువైంది. మావాళ్లు ఆరుగురు పెడతామన్నారు. "నెలకి నూటికి రెండు చొప్పున వడ్డీకి ప్రామిసరీ నోటు రాసిచ్చెయ్, వాటా అంటే ప్రతివాడూ పెత్తనానికొస్తాడు" అంటాడు మా బావ. నాకు మనసొప్పట్లేదు.

భీమవరం మావయ్య:
మీ బావ చెప్పిందే రైటు. మా చేపల చెరువుకి ఐదుగురం వాటాదారులం. మేత కొనాలన్నా ఐదు మాటలు. నోటైతే బాకీ తీర్చాక ఎవరిదారి వారిది.

లెక్కల మనిషి:
మావయ్యగారూ, 60 లక్షలకి రెండు రూపాయలంటే నెలకి లక్షా ఇరవై వేలండి. ఆషాఢంలో, మూఢంలో ప్లాట్లు కదలవు, వడ్డీ ఆగదు. బుకింగ్ డబ్బుతో కట్టేద్దామన్నా కుదరదు. రెరా, అదే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, ఇచ్చే నంబరు రాకుండా బుకింగే తీసుకోకూడదు. వచ్చాక కూడా కొన్నవాళ్లిచ్చిన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉంచి భూమికీ పనులకీ మాత్రమే వాడాలి.

వాటాయే ఇవ్వండి, కానీ నోటరీ కాగితం మీద వద్దు. వాటాదారులంతా కలిసి పెట్టే భాగస్వామ్య సంస్థని, అంటే ఫర్మ్‌ని, రిజిస్టర్ చేయించకపోతే, అది నడుస్తుండగా ఒప్పందం ప్రకారం నా వాటా ఇవ్వమని భాగస్వామి కోర్టుకెళ్లలేడు. 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ అది. పైగా మామూలు భాగస్వామ్యంలో ఫర్మ్ అప్పులకి అందరి సొంత ఆస్తులూ పూచీయే. అది వద్దంటే ఎల్ఎల్‌పీ పెట్టుకోండి, అందులో ఎవరి పూచీ అయినా వాళ్లు పెడతామన్న మొత్తం వరకే.

కోనసీమ ఆడపడుచు:
మా నాన్నగారు అమలాపురం దగ్గర ఒక వెంచర్‌లో పెట్టారు. భూమి ఒక్కరి పేరునే, ఈయన చేతిలో నోటు. ఇదిగో అదిగో అంటూ మూడేళ్లు దాటించారు, నోటుకి కాలదోషం పట్టేసింది. బీరువాలో పట్టుచీరల కింద ఇప్పటికీ ఉంది, స్టాంపు మీద సంతకం నిన్న పెట్టినట్టే ఉంటుంది. ఆ అర తీసిన రోజు అమ్మ అన్నం తినదు.

తమ్ముడూ, భూమి ఫర్మ్ పేరునే రాయించు. మాకిచ్చిన కాగితంలో ఎకరానికి 4,840 గజాలూ అమ్మేస్తామని లెక్కేశారు. రోడ్లకీ పార్కుకీ పోయేది తీయలేదు, మెరక చెయ్యడానికి బుసక తోలే ఖర్చు రాయలేదు. ఆ రెండూ కనపడితే నాన్నగారు ఆగేవారు.

భీమవరం మావయ్య:
చాలా బాధగా ఉందమ్మా. మూడేళ్లు నిండకముందే కొంత జమ వేయించి నోటు వెనక సంతకం తీసుకోవాల్సింది. అయినా ఆరుగురి సంతకాలతో పని సాగదనే నా మాట.

లెక్కల మనిషి:
అదీ డీడ్‌లోనే, అంటే భాగస్వామ్య ఒప్పంద పత్రంలోనే, రాసుకోవచ్చండి. రోజువారీ పనులు ఒకరికి, ఒక మొత్తం దాటిన ఖర్చుకే అందరి సంతకం.

పాలకొల్లు కుర్రాడు:
అక్కా, మెరక లెక్క నేనూ వెయ్యలేదు. ఇప్పుడు చేలో మోకాటి లోతు నీళ్లున్నాయి. అవి తియ్యకముందే ఈ ఆదివారం ఆరుగుర్నీ గట్టు మీదకి తీసుకెళ్లి చూపిస్తా. డీడ్ సంగతి ఆ తర్వాతే.