అద్దంలో నా మోచేయే కనిపిస్తోంది: బైకు మీద వెనక చూపు మెరుగుపడాలంటే ఏం చేయాలి?

మధురవాడ బైకరు

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో రోజూ మధురవాడ నుంచి గాజువాకకు 150 సీసీ బైకు మీద వెళ్లి వస్తాను. హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, షీలానగర్ మీదుగా జాతీయ రహదారి వెంట పాతిక కిలోమీటర్లకు పైగా ప్రయాణం. గత వారం బిర్లా జంక్షన్ దాటాక ముందున్న కారు ఉన్నట్టుండి నెమ్మదించడంతో, ఎడమ అద్దంలోకి ఒక్క చూపు చూసి ఎడమకు జరగబోయాను. అద్దంలో ఏమీ లేదు. మరుక్షణం నా మోకాలికి జానెడు దూరంలో షేర్ ఆటో ముందు చక్రం కనిపించింది. ఆటో డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది.

ఇంటికి వచ్చి బండి ఎక్కి కూర్చుని చూసుకుంటే, ఎడమ అద్దంలో సగం మేర నా చొక్కా చేతి గళ్లే ఉన్నాయి, మిగతా సగంలో ఆకాశం ఉంది. ఇన్నాళ్లూ అద్దం చూశానన్న తృప్తే తప్ప వెనక రోడ్డును చూడలేదని అప్పుడు అర్థమైంది. పెద్ద అద్దాలు వేయించాలా, అద్దాన్ని నిలబెట్టే కాడ పొడవు పెంచే ఎక్స్‌టెండర్లు పెట్టించాలా, హ్యాండిల్ చివర బిగించే బార్ ఎండ్ అద్దాలు మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఎన్‌ఏడీ పాతకాపు

డబ్బు ఖర్చు పెట్టే ముందు 14 నంబరు స్పానరు బయటికి తీయండి. మన దగ్గర అద్దాలు సర్దుకునేవారిలో ఎక్కువమంది బండిని సైడు స్టాండు మీద ఒరగబెట్టి, హెల్మెట్టు లేకుండా, నిక్కబొడుచుకుని కూర్చుని సర్దుకుంటారు. బండి నిటారుగా నిలబడి, మనం రోజూ కూర్చునే తీరులో కాస్త ముందుకు వంగగానే ఆ సర్దుబాటంతా చెడిపోతుంది. అందుకని ఎవరినైనా వెనక నుంచి బండి పట్టుకోమని చెప్పి, రెండు చక్రాలూ నేల మీద ఉండగా, హెల్మెట్టు పెట్టుకుని, నడిపేటప్పుడు ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని మొదలుపెట్టండి.

ముందు కాడ సంగతి చూడాలి, తరువాతే అద్దం సంగతి. మోచేయి అడ్డొస్తోందని అద్దాన్ని మాత్రమే బయటికి తిప్పితే పక్క సందులోని కాంపౌండు గోడ కనిపిస్తుంది గాని వెనక రోడ్డు కనిపించదు. కాడ మొదట్లో దాన్ని బిగించి ఉంచే చెక్ నట్టు వదులు చేసి కాడనే బయటి వైపుకు తిప్పితే అద్దం మొత్తం మోచేతి గీతను దాటి పక్కకు జరుగుతుంది. ఆ తరువాత అద్దం లోపలి అంచున భుజమో మోచేయో ఒక వేలెడు మాత్రమే కనిపించేటట్టు, వెనక రోడ్డు ఆకాశాన్ని కలిసే గీత అద్దం మధ్యకు వచ్చేటట్టు సర్దండి. ఆ వేలెడు భాగాన్ని ఉంచుకోవడం మంచిది. మన శరీరం కాస్తయినా కనిపిస్తేనే అద్దంలోని బండి మనకు ఏ పక్కన ఎంత ఎడంగా ఉందో కన్ను వెంటనే లెక్క కట్టగలుగుతుంది.

ఒక హెచ్చరిక. చాలా బళ్లకు కాడ మందం 10 మిల్లీమీటర్లే అయినా మర తిరిగే దిశ అన్నింటికీ ఒకటి కాదు. యమహా బళ్లలో చాలావాటికి కుడివైపు అద్దానికి ఎడమ మర, అంటే మామూలుకు వ్యతిరేక దిశలో బిగిసే మర ఉంటుంది. ఈ సంగతి తెలియక నేను ఒకసారి ఊడదీస్తున్నాననుకుంటూ బిగించి, బ్రేకు లీవరు పట్టుకునే దిమ్మలోని మరలు పాడుచేసుకున్నాను. కంచరపాలెంలో పెద్దాయన మెకానిక్కు చూసి, "ఏటి బాబూ, అద్దం కోసం వచ్చి హోల్డరు కొనుక్కెళ్తన్నావు" అని నవ్వాడు.

ఇదంతా అయ్యాక ఒక పరీక్ష చేయండి. మీరు బండి మీద ముందుకే చూస్తూ కూర్చోండి. ఇంట్లోవారిని ఎడమవైపు నాలుగడుగుల ఎడంగా, వెనక నుంచి ముందుకు మెల్లగా నడిచి రమ్మనండి. మనిషి అద్దంలోంచి మాయమైన చోట సుద్దముక్కతో ఒక గీత గీయించండి. మెడ తిప్పకుండా కంటి చివరన మళ్లీ కనిపించిన చోట ఇంకొక గీత గీయించండి. ఆ రెండు గీతల మధ్య ఉన్నదంతా మీకు గుడ్డి జాగా. మీ షేర్ ఆటో నిలిచింది సరిగ్గా అక్కడే.

సింధియా రిటైర్డ్ డ్రైవరు

నేను బైకు నడిపినదానికంటే పోర్టు సరుకు ట్రైలరు నడిపిన కాలమే ఎక్కువ కాబట్టి పై నుంచి చూసినవాడి మాట చెబుతాను. ట్రైలరుకు ఎడమ తలుపు పక్కన, ముందు బంపరు కింద, తొట్టి వెనక మూడు చోట్లా బైకు పూర్తిగా కనుమరుగవుతుంది. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపిస్తోందంటే ఆయన చూస్తే మీరూ ఆయనకు కనిపిస్తారు. ముఖం కనిపించడం లేదంటే ఆయన ఎంత జాగ్రత్తపరుడైనా మిమ్మల్ని చూసే వీలు లేదు. ఇది తెలియక పోర్టు రోడ్డులో కుర్రవాళ్లు ఎడమ చక్రాల పక్కనే నిమిషాల తరబడి వస్తుంటారు. ట్రైలరు ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి.

ఇక మీ అద్దం లెక్క ఒకటి. మీరు 40లో వెళ్తున్నారు, వెనక లారీ 80లో వస్తోంది అనుకోండి. రెండింటి మధ్య తేడా సెకనుకు 11 మీటర్లు. అద్దంలో లారీని 50 మీటర్ల దూరంలో చూసి మళ్లీ ఐదు సెకన్ల వరకు చూడకపోతే, రెండోసారి చూసే అవకాశం ఉండదు. షీలానగర్ దాటాక రోడ్డు ఖాళీగా కనిపించే రాత్రి వేళల్లో నేను బైకు మీద వెళ్తే ఈ లెక్క మనసులో పెట్టుకునే వెళ్తాను. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు కూడా వెనక బండి ఆగినట్టు అద్దంలో చూసేదాకా న్యూట్రల్ వేయను.

అక్కయ్యపాలెం కుర్రాడు

మా స్నేహితుల బళ్లలో సగానికి ఎడమ అద్దమే లేదు. ఓవర్‌టేక్ కుడివైపు నుంచి చేస్తారు కాబట్టి కుడి అద్దం చాలునని వారి వాదన. నేనూ ఏడాది పాటు అలాగే తిరిగానని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

ఎన్‌ఏడీ పాతకాపు

తమ్ముడూ, ఆ వాదన పుస్తకంలో ఉన్న రోడ్డుకు వర్తిస్తుంది. జగదాంబ నుంచి ద్వారకానగర్ వరకు ఒక్కసారి వెళ్లి, కుడి నుంచి ఎందరు దాటారో, ఎడమ నుంచి ఎందరు దాటారో నువ్వే లెక్కపెట్టి చెప్పు.

భీమిలి రోడ్డు బుల్లెట్

సర్దుబాటు గురించి పై మిత్రులు చెప్పినదానితో ఏకీభవిస్తూ, మన ఊరికే ప్రత్యేకమైన ఒక బాధ చెబుతాను. నేను రుషికొండ దగ్గర ఉంటాను. సాయంత్రం గాలికి అద్దం మీద ఉప్పు పొర పడుతుంది. ఉదయం ఎండ ఎదురుగా పడేదాకా అది కంటికి తెలియదు. పడగానే అద్దమంతా తెల్లటి మసకగా మారిపోతుంది. పొడి గుడ్డతో గట్టిగా తుడిస్తే ఆ ఉప్పు, ఇసుక కలిసి సన్నని గీతలు పెడతాయి. అందుకే ముందు నీళ్లు పోసి, తడి గుడ్డతో తుడిచి, ఆ తరువాతే ఆరబెడతాను. అద్దం అంచుల్లోంచి లోపలి పూత నల్లబడటం మొదలైతే ఎంత తుడిచినా ప్రయోజనం లేదు, మార్చడమే మార్గం. కాడ మొదట్లో తుప్పు పట్టకుండా వానాకాలం ముందు కాస్త గ్రీజు రాస్తాను, లేకపోతే సర్దాలనుకున్న రోజున నట్టు కదలదు.

రెండోది వణుకు. ఒకే సిలిండరున్న పెద్ద ఇంజను కావడంతో ఒక వేగం దగ్గర నా అద్దంలో వెనకున్నది బస్సో, పసుపు రంగు గోడో తెలిసేది కాదు. హ్యాండిల్ చివర బరువులు వేయించి, కాడ కింద రబ్బరు వాషరు పెట్టించాక చాలావరకు తగ్గింది. చవకగా దొరికే పొడవాటి ఎక్స్‌టెండరు వేస్తే మాత్రం అదే వణుకు రెట్టింపయింది. కాడ ఎంత పొడవైతే కొస అంత ఊగుతుంది మరి. మీది 150 సీసీ కాబట్టి ఎక్స్‌టెండరు తప్పదనుకుంటే పొట్టిదీ దళసరిదీ చూసి తీసుకోండి.

బార్ ఎండ్ వాడుకరి

బార్ ఎండ్ అద్దాల గురించి అడిగారు. నేను రెండేళ్లుగా వాడుతున్నాను. మోచేయి అడ్డు అన్న మాటే ఉండదు, వెనక రోడ్డు ఆ చివర నుంచి ఈ చివరి దాకా కనిపిస్తుంది. అయితే చూపు ముందు రోడ్డు మీద నుంచి బాగా కిందికి, పక్కకు వెళ్లాలి. 60 కిలోమీటర్ల వేగంలో ఒక సెకను చూపు మరలితే 16 మీటర్లకు పైగా చూడకుండా వెళ్లినట్టే. అలవాటు పడటానికి నాకు నెల పట్టింది.

భీమిలి రోడ్డు బుల్లెట్

క్షమించాలి, నేను ఆ సలహాతో ఏకీభవించలేను. పూర్ణా మార్కెట్ దగ్గర బండి వెడల్పు రెండు వైపులా నాలుగేసి వేళ్లు పెరిగితే ఏమవుతుందో నాకు అనుభవం. ఒక ఆటో అద్దాన్ని తాకింది, తాకిన దెబ్బ నేరుగా హ్యాండిల్‌కు చేరింది, హ్యాండిల్ తిరిగిపోయింది. మామూలు అద్దం తాకితే కాడ తిరుగుతుందే గాని బండి దారి మారదు.

బార్ ఎండ్ వాడుకరి

అది నిజమే. లోపలికి మడతపడే రకం వాడుతున్నాను కాబట్టి ఇరుకులో మడిచేస్తాను. కాని మడిచినంతసేపూ వెనక ఏముందో తెలియదు. ఊళ్లోనే తిరిగేవారికి నేనూ సిఫారసు చేయను.

గోపాలపట్నం టీచరమ్మ

నేను స్కూటరు మీద వెళ్తాను, వెనక మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఉదయం బడికి, తిరుగులో ఒంటరిగా. ఇక్కడ ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటుంది. ఒక్కరే ఉండగా సర్దిన అద్దం వెనక మనిషి ఎక్కగానే పనికిరాదు. వెనక స్ప్రింగులు కుంగి బండి ముక్కు పైకి లేస్తుంది, ఎదుటివారి కళ్లలో మన హెడ్‌లైటు కొట్టేది కూడా అందుకే. అప్పుడు అద్దం చూపు కిందికి దిగి, ఆకాశం పోయి రోడ్డు మీది గుంతలే కనిపిస్తాయి. అద్దాన్ని ఒక పిసరు పైకి ఎత్తాలి. నేను అమ్మాయి ఎక్కాక ఒకసారి, దిగాక ఒకసారి సర్దుతాను. అందుకోసం అద్దం బంతి కీలును చేతితో కదిలేంత వదులుగా, గాలికి కదలనంత బిగువుగా ఉంచమని మెకానిక్కుకు చెప్పి చేయించుకున్నాను.

ఇంకొకటి. బడి సంచీ పిల్ల వీపుకు ఉంటే రెండు అద్దాల లోపలి అంచులూ సంచీతో నిండిపోయేవి. ఇప్పుడు సంచీని ముందు కొక్కేనికి తగిలించుకుంటున్నాను. ఆడవాళ్లకు ఒక మాట చెప్పనా, చున్నీ గాలికి ఎగిరి అద్దానికి అడ్డం పడితే చూపు పోవడం ఒక్కటే కాదు, చక్రంలో చిక్కుకునే ప్రమాదం కూడా ఉంటుంది. నడుముకు ముడి వేసుకున్నాకే స్టార్టు చేయండి.

ఎంవీపీ రాత్రి డ్యూటీ

రాత్రి, వాన సంగతి నేను చెబుతాను. బైకు అద్దాలు ఎక్కువగా బడిలో చదువుకున్న కుంభాకార దర్పణాలే. ఎక్కువ రోడ్డు చూపిస్తాయి గాని బండిని చిన్నదిగా చూపిస్తాయి, చిన్నదిగా కనిపించినది దూరంగా ఉందని మనసు భ్రమపడుతుంది. పగలు బండి ఆకారం తెలుస్తుంది కాబట్టి సర్దుకోగలం. రాత్రి కనిపించేవి రెండు లైట్లే, కాబట్టి నేను ఒక్క చూపుతో నిర్ణయం తీసుకోను. ఒకసారి చూసి, రెండు సెకన్లాగి మళ్లీ చూస్తాను. రెండు లైట్ల మధ్య ఎడం పెరిగిందంటే దగ్గరకు వస్తున్నట్టు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను ఆన్ చేయగానే హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయ్యాక, వెనక వచ్చే బైకులను పగలు కూడా అద్దంలో తేలికగా పట్టగలుగుతున్నాను.

వానలో అద్దం మీద చుక్కలు నిలవకుండా పచ్చి బంగాళాదుంప ముక్కతో రుద్దడం మా నాన్నగారి పద్ధతి, ఒక పూటకు పనిచేస్తుంది. అతికించే చిన్న గుండ్రటి అద్దాలు నేను వాడి తీసేశాను. ఉన్న అద్దమే అరచేయంత ఉంటే అందులో పావు వంతు అది ఆక్రమించింది, వణుకులో అందులోని బండి ఈగంత కనిపించేది.

మధురవాడ బైకరు

కెమెరా పెట్టి చిన్న తెరలో చూసుకునే ఏర్పాటు ఎవరైనా వాడారా?

ఎంవీపీ రాత్రి డ్యూటీ

మా సహోద్యోగి వాడుతున్నాడు. ప్రమాదం జరిగితే రుజువుకు పనికొస్తుంది గాని, బీచ్ రోడ్డు మధ్యాహ్నపు ఎండలో ఆ తెర మీద తన ముఖమే కనిపిస్తోందని వాపోతున్నాడు. డుకాటీ మల్టీస్ట్రాడా వీ4 వంటి ఖరీదైన బళ్లలో వెనక రాడారు ఉండి అద్దంలో దీపం వెలిగించి హెచ్చరిస్తుంది. మన జేబుకు మన మెడే రాడారు.

మధురవాడ బైకరు

ఆదివారం మా అపార్టుమెంటు పార్కింగులో పాతకాపు గారు చెప్పినట్టు సుద్దముక్కతో పరీక్ష చేశాను. పాత సర్దుబాటులో ఎడమవైపు రెండు గీతల మధ్య మా తమ్ముడి అడుగులతో ఆరడుగులు వచ్చింది. షేర్ ఆటో ఏమిటి, మినీ వ్యాను కూడా పట్టేటట్టుంది. కాడను బయటికి తిప్పి, రోడ్డు ఆకాశాన్ని కలిసే గీతను అద్దం మధ్యకు తెచ్చి మళ్లీ చేస్తే రెండడుగులకు తగ్గింది. ఆ రెండడుగులు ఏం చేసినా పోలేదు. గడ్డం భుజం మీదికి వచ్చేటట్టు ఒక్కసారి తల తిప్పితే మాత్రం తమ్ముడు పూర్తిగా కనిపించాడు. కాబట్టి అద్దం చూసి, ఇండికేటరు వేసి, తల తిప్పి, అప్పుడే జరగడం మొదలుపెట్టాను. మొదటి రెండు రోజులు తల తిప్పినప్పుడు హ్యాండిల్ కూడా అదే వైపుకు లాగేసింది. చేతులు వదులుగా ఉంచితే తగ్గింది. కొత్తవేమీ కొనలేదు.

ఒకే ఒక ఇబ్బంది మిగిలింది. ఎండాడ దిగువకు వచ్చేసరికి ఎడమ అద్దం మెల్లగా లోపలికి తిరిగిపోయి మళ్లీ మోచేయి చూపిస్తోంది. చెక్ నట్టు బాగానే బిగించాను.

ఎన్‌ఏడీ పాతకాపు

నట్టు కింద స్ప్రింగు వాషరు ఉందేమో చూడండి, పాత బళ్లలో అది ఎప్పుడో జారిపోయి ఉంటుంది. లేకపోతే ఒకటి వేసి, ఒక స్పానరుతో కాడను కదలకుండా పట్టుకుని రెండో స్పానరుతో నట్టు బిగించండి. ఒక్క స్పానరుతో బిగిస్తే నట్టుతో పాటు కాడ కూడా తిరుగుతుంది.